గంబో గిన్నెలోకి ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది?

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, లాఫయెట్ పట్టణంలో కూతురి దగ్గర ఉంటున్న ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమెకు 61 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా రక్తపు పోటుకు మాత్రలు వాడుతున్నారు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ పై అంకె 130 దాటకుండా ఉండేదట. అక్కడికి వెళ్ళిన మూడు నెలలకు 158 చూపిస్తోంది. సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తున్నాయి. మాంసం ముట్టరు. అల్లుడు గారు సరదాపడి అక్కడి కేజన్ వంటలు నేర్చుకున్నారు. అత్తగారి కోసం మాంసం మానేసి, బెండకాయలూ ఎర్ర బీన్సూ వేసి గంబో అనే పులుసు వారానికి మూడు రోజులు చేస్తున్నారు. "కూరగాయలూ గింజలే కదా, వీటి వల్ల పోటు ఎందుకు పెరుగుతుంది? మానెయ్యమంటారా? మానితే ఆయన నొచ్చుకుంటారేమో" అని ఆమె సందేహం.

అల్లుడు గారిని నొప్పించనక్కర్లేదు. గంబో కూడా మాననక్కర్లేదు. కాని అంతకంటె ముందు చేయవలసిన పని ఒకటుంది.

పాదాల వాపును ఉప్పు మీదకు నెట్టి ఊరుకోకూడదు. పోటుకు వాడే మాత్రలలో అమ్లోడిపిన్ వంటివి కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తాయి. గుండె గాని, మూత్రపిండాలు గాని, కాలేయం గాని సరిగా పనిచేయనప్పుడూ వాపు కనిపిస్తుంది. ఏది కారణమో పరీక్ష చేస్తే గాని తేలదు. అంచేత, అమ్మా, యీ వారంలోనే అక్కడి డాక్టరుకు చూపించుకోండి. ఇక్కడి నుంచి తీసుకువెళ్ళిన మాత్రల అట్టలు సంచిలో వేసుకుని వెళ్ళండి. మీ అంతట మీరు మాత్ర మానడం, ఒకటి అదనంగా వేసుకోవడం రెండూ వద్దు. పడుకుంటే ఆయాసం రావడం, గుండెలో నొప్పి, మాట తడబడడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా వారం దాకా కాదు, గంట కూడా ఆగవద్దు. అక్కడ 911కు ఫోను చేయమని అమ్మాయితో చెప్పండి.

ఇక గంబో సంగతి. మన పాఠకులలో చాలామందికి యీ పేరు కొత్త. ఫ్రెంచివారు కొందరు కెనడా తూర్పు తీరాన అకాడియా అనే ప్రాంతంలో స్థిరపడి సేద్యం చేసుకునేవారు. ఇప్పటి నోవా స్కోషియా ఆ ప్రాంతంలోదే. 1755లో ఇంగ్లీషువారు వారిని ఊళ్ళకు ఊళ్ళు ఓడలెక్కించి వెళ్ళగొట్టడం మొదలుపెట్టారు. చెల్లాచెదురైన వారిలో కొందరు 1760ల నుంచి లూసియానా చేరుకున్నారు. అకాడియన్ అన్న మాటే జనం నోట నలిగి నలిగి కేజన్ అయింది. వారిది బీదల వంట. దొరికినదంతా ఒక పెద్ద కుండలో వేసి, నిదానంగా ఉడికించి, అన్నం మీద పోసుకుంటారు. అవును, అన్నం మీదే. లూసియానాలో వరి బాగా పండుతుంది.

బెండకాయ ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడ్డవారితో అక్కడికి చేరింది. గంబో అన్న పేరు కూడా ఆఫ్రికాలోని బంటు భాషలలో బెండకాయకున్న పేరు నుంచే వచ్చిందని చెబుతారు. బెండకాయలు దొరకని కాలంలో పులుసు చిక్కబడడానికి సాసఫ్రాస్ అనే చెట్టు ఆకుల పొడి వేస్తారు. ఆ కిటుకు అక్కడి ఆదివాసులైన చాక్తా తెగవారిది. ఎర్ర బీన్సు, అంటే మన రాజ్మాకు దగ్గరి చుట్టాలు, న్యూ ఆర్లియన్సులో సోమవారం వంట. సోమవారం బట్టలుతికే రోజు. ఆదివారం మిగిలిన మాంసపు ఎముకతో పాటు గింజలను పొయ్యి మీద పడేస్తే, ఆడవాళ్ళు ఉతుకుడు ముగించేసరికి అవి వాటంతట అవే ఉడికేవి.

ఆ కుండకు రుచి ఎక్కడిది? ఎర్రగా వేయించిన గోధుమపిండిది. ఉల్లి, సెలెరీ కాడలు, కాప్సికం మూడూ కలిపి మగ్గబెట్టిన దానిది. మిరియాలు, మిరపపొడి, వెల్లుల్లి, పలావు ఆకులది. పొగ వాసనది. వీటిలో ఉప్పుతో పని ఉన్నది ఒక్కటీ లేదు. ఐస్ పెట్టెలు లేని రోజుల్లో పందిమాంసం చెడిపోకుండా ఉప్పు పట్టించి పొగబెట్టేవారు. ఆ మాంసంతో పాటు ఉప్పు కుండలోకి దిగేది. ఇప్పుడు మన సోదరి కోసం మాంసం మానేసినా ఉప్పు మాత్రం మానలేదు. అది వేరే దారిన వస్తోంది.

ఏ దారినంటారా? అలమర తెరిచి చూడండి. మొదటిది కేజన్ మసాలా పొడి. 1980లలో పాల్ ప్రుడోమ్ అనే లూసియానా వంటగాడు యీ వంటలను అమెరికా అంతటా ప్రసిద్ధం చేశాడు. నేడు యీ పొడి డబ్బా దొరకని దుకాణం లేదు. డబ్బా వెనుక వ్రాసిన వస్తువులలో చాలా వాటికి మొదటి పేరే ఉప్పు. ఏది ఎక్కువ ఉంటే అది ముందు వ్రాయాలన్నది అక్కడి నిబంధన. అంటే మీరు కొన్నది మసాలా వాసన కొట్టే ఉప్పు. అటువంటి పొడి పావు టీ చెంచాలో 300 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉండవచ్చు. రెండవది పులుసు రుచి కోసం వేసే బిళ్ళలు. కూరగాయల బిళ్ళ అని వ్రాసి ఉన్నా సరే, ఒక్కొక్క దానిలో 900 దాకా ఉంటుంది. మూడవది డబ్బాలో ఉడికించి అమ్మే బీన్సు. అర కప్పుకు సుమారు 400.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఆరుగురికి సరిపడే కుండలో రెండు టీ చెంచాల పొడి వేస్తే 2,400. రెండు బిళ్ళలు వేస్తే 1,800. రెండు డబ్బాల బీన్సు, అంటే సుమారు ఏడు అర కప్పులు, 2,800. మొత్తం 7,000. మనిషికి 1,100 మిల్లీగ్రాములు దాటింది. వంటవారు ఉప్పు డబ్బా ముట్టుకోనే లేదు! "నేను ఉప్పు వేయలేదండీ" అని అల్లుడు గారు ప్రమాణం చేసినా అబద్ధం కాదు.

పెద్దవారికి రోజు మొత్తానికి సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పు లెక్కలో అది 5 గ్రాములు, అంటే తలకొట్టిన టీ చెంచా ఒక్కటి. అమెరికా డబ్బాల మీద ఉప్పు అని వ్రాయరు, సోడియం అని వ్రాస్తారు. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఒక్క గిన్నె గంబోతోనే సోదరి రోజు వాటాలో సగానికి పైగా అయిపోతోంది. ఇంతకీ మనం అమెరికావారిని వేలెత్తి చూపనక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళు సగటున రోజుకు 8 గ్రాముల ఉప్పు తింటున్నారు.

ఉప్పు తగ్గిస్తే నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని కొందరు పెదవి విరుస్తారు. యీ సంగతి తేల్చిన పెద్ద పరిశోధనలలో ఒకటి లూసియానా రాజధాని బాటన్ రూజ్‌లో కూడా జరిగింది. అక్కడి పెన్నింగ్టన్ పరిశోధన కేంద్రం, మరి మూడు ఊళ్ళ సంస్థలు కలిసి 412 మందికి భోజనం తామే వండిపెట్టాయి. కొందరికి మామూలు అమెరికా తిండి. కొందరికి కూరగాయలు, పండ్లు, గింజలు, వెన్న తీసిన పాలు ఎక్కువగా ఉన్న తిండి. రెంటిలోనూ ఉప్పు మూడు మోతాదులలో, ఒక్కొక్కటి 30 రోజుల చొప్పున ఇచ్చారు. 2001లో ఫలితాలు వచ్చాయి. మామూలు తిండి, ఎక్కువ ఉప్పుతో పోల్చి చూస్తే, కూరగాయల తిండి, తక్కువ ఉప్పు తిన్నవారిలో పోటు జబ్బు ఉన్నవారికి పై అంకె సగటున 11.5 తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి యిది తీసిపోదు. అలాగని మాత్ర మానమని కాదు, మళ్ళీ చెబుతున్నాను.

గమనించండి, అక్కడ రెండు పనులు కలిసి జరిగాయి. ఉప్పు తగ్గింది, కూరగాయలూ గింజలూ పెరిగాయి. బెండకాయ, బీన్సు సరిగ్గా యీ రెండవ పనికి వచ్చే సరుకులు. 100 గ్రాముల పచ్చి బెండకాయలలో పొటాషియం 300 మిల్లీగ్రాములు, పీచు 3 గ్రాములు ఉంటే, సోడియం 10 మిల్లీగ్రాములు కూడా లేదు. ఉప్పు వేయకుండా ఉడికించిన ఎర్ర బీన్సు 100 గ్రాములలో మాంసకృత్తులు 8 గ్రాములకు పైగా, పొటాషియం 400 మిల్లీగ్రాములు. సోడియం దాదాపు శూన్యం. కుండలో దొంగ ఎవరో మీకు అర్థమయింది కదూ!

ఇక వంట ఎలా చేయాలో చెబుతాను. లూసియానాలో ఉన్నవారే కాదు, హైదరాబాదు, విజయవాడ గృహిణులు కూడా చేసి చూడవచ్చును.

ఎర్ర బీన్సు పావు కిలో రాత్రి నానబెట్టండి. ఉదయం ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, పెద్ద మంట మీద కళపెళ మరిగించండి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన మాట ఉంది. పచ్చి ఎర్ర బీన్సులో ఒక విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా గంటా మూడు గంటల లోపల వాంతులు, ఆపైన విరేచనాలు పట్టుకుంటాయి. అమెరికా ఇళ్ళలో స్లో కుక్కరు అనే విద్యుత్ పాత్ర ఉంటుంది. పొద్దున్న వేసి ఆఫీసుకు వెళితే సాయంత్రానికి వంట సిద్ధం. కాని దానిలో వేడి మరిగే దాకా పోకపోవచ్చు. నానిన గింజలను నేరుగా దానిలో వేయడం ప్రమాదం. ముందు పొయ్యి మీద 30 నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తరువాత ఏ పాత్రలో వేసుకున్నా ఫరవాలేదు. మన ప్రెషర్ కుక్కరులో మెత్తగా ఉడికితే యీ బెంగ లేదు. గింజ మెత్తబడేదాకా టొమాటో, చింతపండు, వెనిగరు వంటి పులుపులు మాత్రం వేయవద్దు. పులుపు తగిలితే గింజ మొరాయిస్తుంది.

గింజలు ఉడికించే ఓపిక లేనివారు డబ్బా బీన్సు కొనుక్కోవచ్చు. "నో సాల్ట్ యాడెడ్" అని వ్రాసినవి చూసి కొనండి. అవి దొరక్కపోతే మామూలు డబ్బాలోని రసం వంచేసి, గింజలను జల్లెడలో వేసి కుళాయి కింద కడగండి. సుమారు 40 శాతం సోడియం కాలవ పాలవుతుంది. "రెడ్యూస్డ్ సోడియం" అన్న అక్షరాలకు మోసపోవద్దు. ఆ కంపెనీ మామూలు సరుకు కంటె పాతిక శాతం తక్కువ అని మాత్రమే దాని అర్థం. ముప్పావు వంతు అలాగే ఉంటుంది. "లో సోడియం" అంటే ఒక వడ్డనకు 140 మిల్లీగ్రాములు మించకూడదు. అది నమ్మదగ్గ మాట, కాని వడ్డన అంటే ఎంతో కూడా చదువుకోండి. మనం పోసుకునే గరిటె వారి వడ్డనకు రెండింతలు ఉంటుంది.

బెండకాయలు అరకిలోకి కొంచెం తక్కువ. లేతవి ఏరుకోండి. ముదిరిన బెండకాయ గురించి, ముదిరిన బ్రహ్మచారి గురించి మన పెద్దలు అన్న మాట లూసియానాలోనూ నిజమే. కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, అప్పుడు తరగాలని మన గృహిణులకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. వెడల్పాటి మూకుడులో ఒక పెద్ద చెంచా నూనె వేసి, మూత పెట్టకుండా పావుగంట వేయించండి. ఇప్పుడు ఉప్పు చల్లవద్దు. ఉప్పు పడితే నీరూరి జిగురు కారుతుంది. ఇనప మూకుడులో అయితే నల్లబడతాయి, స్టీలుది మేలు.

మరొక అడుగు మందమైన గిన్నెలో గోధుమపిండి నాలుగు పెద్ద చెంచాలు నూనె లేకుండా సన్నని సెగ మీద వేయించండి. కేజన్ ఇళ్ళలో దీనిని రూ అంటారు. మామూలుగా పిండికి సమానంగా నూనె పోసి వేయిస్తారు. నూనెలో సోడియం లేదు గాని, పోటున్నవారిలో చాలామందికి బరువు కూడా తగ్గవలసిన అవసరం ఉంటుంది. పొడి పిండికి కూడా అదే వాసన వస్తుంది. వేయించిన వేరుశనగ రంగు దాటి, దాల్చినచెక్క రంగు వచ్చేదాకా, పదిహేను ఇరవై నిమిషాలు గరిటె ఆపకూడదు. ఆ సమయంలో ఫోను మోగినా తీయకండి. నల్లటి చుక్కలు కనిపించాయా, మొత్తం పారేసి మళ్ళీ మొదలుపెట్టండి. మాడు చేదు ఎంత మసాలాకూ లొంగదు, దానిని కప్పడానికే చాలామంది ఉప్పు గుమ్మరిస్తారు. చల్లారాక చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి ఉంచండి.

పెద్ద గిన్నెలో ఒక పెద్ద చెంచా నూనె వేసి, రెండు ఉల్లిపాయలు, ఒక కాప్సికం, రెండు సెలెరీ కాడలు సన్నగా తరిగి, అంచులు ఎర్రబడేదాకా నిదానంగా మగ్గనివ్వండి. యీ వంట రుచిలో సగం ఇక్కడే ఉంది, తొందర పనికిరాదు. సెలెరీ దొరకని ఊళ్ళలో కొత్తిమీర కాడలు వాడండి, రుచి వేరుగా ఉంటుంది గాని బాగానే ఉంటుంది. దంచిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, రెండు పలావు ఆకులు వేసి, ఉడికిన బీన్సు నీళ్ళతో సహా పోయండి. పిండి నీళ్ళు కలపండి. అరగంట ఉడికాక, బెండకాయలు, రెండు టొమాటోలు వేసి మరో ఇరవై నిమిషాలు ఉంచండి.

మసాలా పొడి ఇంట్లోనే కలుపుకోవాలి. పాప్రికా అనే ఎర్ర పొడి మూడు చెంచాలు, వెల్లుల్లి పొడి రెండు, ఉల్లి పొడి, మిరియాల పొడి, మిరపపొడి, థైమ్ ఆకు ఒక్కొక్క చెంచా. సీసాలో పోసి పెట్టుకుంటే నెల రోజులు వస్తుంది. కుండకు రెండు చెంచాలు చాలు. థైమ్ లేకపోతే నలిపిన వాము రెండు చిటికెలు వేయండి. రెండింటి ఘాటుకూ కారణం థైమాల్ అనే ఒకే పదార్థం. అమెరికాలో కొనేటప్పుడు "గార్లిక్ పౌడర్" అడగండి. పక్కనే "గార్లిక్ సాల్ట్" ఉంటుంది, సీసాలు కవలపిల్లల్లా ఉంటాయి. పొగ వాసనకు అక్కడ పొగబెట్టిన పాప్రికా దొరుకుతుంది. ఇక్కడివారు కాప్సికాన్నీ టొమాటోనూ పచ్చడి వంకాయలా నిప్పు మీద కాల్చి వేసుకోవచ్చు.

ఇప్పుడు ఉప్పు. దించే ముందు, ఆరుగురి కుండకు తలకొట్టిన అర టీ చెంచా. అన్నీ కలిపి మనిషికి 200 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం. 1,100 ఎక్కడ, ఇది ఎక్కడ! పైన నిమ్మరసం గాని, వెనిగరు గాని రెండు చెంచాలు పిండితే చప్పదనం తెలియదు. నాలుగు చుక్కల మిరప సాసు వేసుకోవచ్చు గాని డబ్బా చదవండి. టబాస్కో సాసు చేసే ఏవరీ ఐలండ్ లూసియానాలోదే. ఆ దీవి నేల కింద ఉన్నదంతా ఉప్పు కొండ, 1862లోనే అక్కడ రాతి ఉప్పు తవ్వారు. అయినా ఆ సాసులో చెంచాకు 35 మిల్లీగ్రాములే. వేరే కంపెనీల సాసుల్లో దానికి మూడు నాలుగింతలు ఉన్నవి కూడా ఉన్నాయి. నాలుకకు కొత్త రుచి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో అల్లుడు గారు మొహం చిట్లిస్తే విడిగా ఒక చిటికెడు ఆయన పళ్ళెంలోనే వేసుకోమనండి.

అన్నంలో మనం ఉప్పు వేయం, అది మన అదృష్టం. కాని ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. గంబో అన్నంలోకి నంజుకోవడానికి ఇంటి నుంచి తీసుకువెళ్ళిన ఆవకాయ, వేయించిన అప్పడం ఉంటున్నాయట. అమ్మా, ఆవకాయ ఏడాదిపాటు నిలవ ఉండేది ఉప్పు వల్లనే కదా! దాని నేరం కూడా అల్లుడు గారి గంబో మీద వేయడం ధర్మం కాదు. ఆదివారం నాడు అర చెంచా పెట్టుకోండి. అప్పడం మానండి.

"లో సోడియం ఉప్పు వాడవచ్చునా?" అని చాలామంది అడుగుతున్నారు. ఇందులో కొంత సోడియం క్లోరైడుకు బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. చైనా పల్లెలలో 20,995 మందిపై జరిపిన పరిశోధనలో యీ ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో వెల్లడైంది. మంచిదే. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. పోటుకు వాడే మాత్రలలో రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వంటివి కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచగలవు. అంచేత వీరు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు కొనకూడదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఉప్పు వాడమని సలహా ఇస్తూ మూత్రపిండాల జబ్బువారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది. పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారికి బీన్సు కూడా కొలిచి తినవలసిన వస్తువే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు బెండకాయలు ఒక్కసారిగా పెంచడం గాని మానడం గాని చేయక, రోజూ ఒకే తీరున తినాలి. బెండకాయలో విటమిన్ కె ఉంది.

మిగిలిన గంబోను రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి, అన్నాన్ని కూడా. మర్నాటికి బెండకాయ జిగురూ పిండీ బిగిసి ముద్దలా అవుతుంది. వేడినీళ్ళు పోసి పలుచన చేసి మరిగించండి. పలుచన చేశాం కదా అని మళ్ళీ ఉప్పు డబ్బా అందుకోకుండా, మరో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి.